అమ్మ పోసిన తొమ్మిది దినాలు

"అమ్మా, ఇవేంది?"

గోపి గొంతు వింటానే నా చేతిలో చాట అట్లే నిలిచిపోయింది. నా కొడుకు గోపినాథ్ అరిస్తే నాకు భయం లేదు. అరిచి, అరగంటకు వచ్చి అన్నం పెట్టమంటాడు. మెల్లగా అడిగితేనే భయం. ఈపొద్దు మెల్లగా అడిగినాడు.

దీపం పెడదామని దేవుని గూటి కాడికి పోయినవాడు, చౌడేశ్వరమ్మ పటం కింద నేను పెట్టిన మాత్రల పెట్టెను తీసి పట్టుకోని ఉండాడు.

"మోహన మాత్రలు నాయనా."

"అది నాకు తెలుసు. ఆమె కడుపులో ఉండాల్సినవి పటం కింద ఏంటికి ఉండాయి?"

చాట కింద పెట్టినా. చేతులు కొంగుకు తుడుచుకున్నా. తుడుచుకునేదానికి ఏమీ లేదు, అయినా తుడుచుకున్నా.

"ఒంటి మీద అమ్మవారు పోసినప్పుడు మందూ మాత్రా ఇయ్యకూడదు గదా. అమ్మ పాదాల కాడ పెట్టినా. నువ్వు దిగిపో తల్లీ, దిగిపోయినాక మళ్ళీ మొదలుపెడతామని మొక్కుకున్నా."

వాడు అట్ట బయటికి తీసి, మాత్రలుండే బొడిపెలను ఒక్కొక్కటీ బొటనవేలితో తడిమినాడు.

"ఈపాటికి అయిపోవాల్సిన అట్టలో తొమ్మిది," అన్నాడు. "తొమ్మిది దినాలు."

నా కోడలు మోహనకు ఊపిరితిత్తిలో గడ్డ అని తెలిసి మూడు నెలలు. వేలూరు పెద్దాసుపత్రి డాక్టరు ఈ మాత్ర ఇచ్చి, దినానికొకటి, ఒక్క దినం కూడా తప్పొద్దని చెప్పి పంపించి ఇరవై దినాలు కావస్తా ఉండాది. మొదటి వారంలోనే దగ్గు తగ్గింది. గోడకు ఆనుకోకుండా కూర్చుని ఒక పూట నూలు కండెలు కూడా చుట్టింది. పదో దినం పొద్దున చూస్తే ముఖం, మెడ, ఎద నిండా పొక్కులు.

మాసి నెల, శివరాత్రి దాటిన దినాలు. ఎండ అప్పుడే ముదురుతా ఉండాది. గుడియాత్తంలో మా నేతగాళ్ళ వీధిలో ఎవర్ని అడిగినా అమ్మేనంటారు. నేను అడగను కూడా అడగలేదు. చూస్తానే చేతులెత్తి మొక్కినా. వేపాకు తెచ్చి గడపకు కట్టినా. తాళింపు మానేసినాము. అమ్మ ఉండే ఇంట్లో పోగు విసిరే నాడె చప్పుడు కాకూడదని మా అత్త కాలం నుంచీ వాడుక, మగ్గం కూడా ఆపేసినాము. గోపి కూడా చొక్కా విప్పి, గదికి అవతలే నిలబడి పెండ్లానికి దండం పెట్టినాడు. మాత్రలిచ్చే పని మాత్రం నాది. ఆపిన మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు. అమ్మ పోస్తే మాత్ర ఆపేది చెప్పుకునే మాటా?

పొక్కులు నాలుగు దినాలకే వాడినాయి. తొమ్మిదో దినానికి ఎండిపోయి పెచ్చులు కట్టినాయి. అమ్మ శాంతించింది అనుకున్నా. ఈపొద్దు మూడో తూరి తలకు నీళ్ళు పోసి అమ్మను సాగనంపాలని అండాలో పసుపూ వేపాకూ వేసి ఎండకు పెట్టినా. పొక్కులు వాడేకొద్దీ దగ్గు ఏంటికి తిరగబెడతా ఉండాదో మాత్రం నాకు అర్థం కాలేదు.

"షాలినీ!" అని కేకేసినాడు గోపి.

నా మనవరాలు ప్లస్ టూ చదవతా ఉండాది. పుస్తకం చేతిలో పట్టుకోనే మేడ మెట్లు దిగి వచ్చింది. వాడు పెట్టెలో మడత పెట్టిన కాగితం తీసి దాని చేతిలో పెట్టినాడు. అరచెయ్యంత మడత, విప్పితే తువ్వాలంత అయింది.

అది చదివింది. పెదాలు కదిలించుకుంటా కొంచేపు, ఊరకే కొంచేపు. తల ఎత్తి నన్ను చూసింది.

"అవ్వా, ఇందులో రాసుండాది. ఈ మాత్ర వేసుకుంటే ముఖం మీద, ఎద మీద పొక్కులు వస్తాయంట."

"అయితే ముందే చదవలేదేమే నువ్వు?"

"నువ్వు పెట్టెతో సహా సామి గూట్లో పెట్టేస్తే నేనెట్లా చదివేది? అమ్మ పోసినప్పుడు గూడు ముట్టుకోవద్దంటివి."

దాని మాటకు ఇంకొక దినమయితే నవ్వేదాన్ని.

"నీకు డాక్టరు పట్టా ఎవరిచ్చినార్మా?" అన్నాడు గోపి. ఇప్పుడు అరిచినాడు.

"నీకు అమ్మ పోసినప్పుడు నాలుగేండ్లోనివి. పదకొండు దినాలు పక్కన కూర్చుని విసిరింది ఏ పట్టా? ముఖం మీద ఒక్క మచ్చ ఉండాదా చూసుకో అద్దంలో!"

"అది వేరే జబ్బు!"

"అమ్మను జబ్బు అనొద్దురా!"

"ఆమెకు ఊపిరి ఆడటం లేదు మా! మూడు దినాలుగా కూర్చునే నిద్రపోతా ఉండాది. నువ్వు వేపాకులు కడతా ఉండావు!"

గడప కాడికి పోయి వేపకొమ్మను ఒక్క పెరుకు పెరికినాడు. దారం తెగలేదు. మళ్ళీ పెరికినాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నా. ఈ వయసులో కొడుకుతో కుస్తీ పడతానని ఎప్పుడనుకున్నా?

"ఇద్దరూ ఆపండి."

గదిలో నుంచి మోహన. రెండు మాటలు చెప్పేదానికి రెండుసార్లు ఊపిరి తీసుకునింది. ఆమీట దగ్గు మొదలయింది. ఆ దగ్గు ఆగేదాకా మేము ముగ్గురమూ వాకిట్లో ఎట్లుండే వాళ్ళం అట్లే ఉన్నాము.

"వేలూరుకు పోతా ఉండాము," అన్నాడు వాడు. "నువ్వు రావద్దు."

"రాను."

"అత్త రాకుంటే నేనూ రాను," అనింది లోపలి నుంచి.

బస్సులో మూడు మంది కూర్చునే సీటు దొరికింది. కిటికీ పక్క మోహన, నడిమధ్య నేను. మూడో తావు ఖాళీ.

"కూర్చో నాయనా."

"పరవాయిల్ల. నిలబడతా."

సగం దారిలో కె.వి.కుప్పం దాటినా నిలబడే ఉన్నాడు. ఆ తావులో ఎవరో కూర్చోబోయి, మోహన ముఖం మీద పసుపు, పెచ్చులు చూసి వెనక్కి పోయినారు. ఇంకెవరో, అమ్మ పోసిన మనిషిని బస్సులో తెస్తారా అని గొణిగినారు. ముందు సీటు ముసలామె మాత్రం తిరిగి చూసి, చెప్పులు విడిచి, రెండు చేతులూ ఎత్తింది.

"తాయే," అని అమ్మను తలుచుకోని, సంచీలోంచి ఒక నిమ్మకాయ తీసి మోహన ఒడిలో పెట్టింది.

మోహన ఆ నిమ్మకాయను రెండు చేతుల్లో పట్టుకునింది. నవ్వింది, ఆమె ముఖానికి ఒక్కసారిగా ఇరవై ఏండ్లు తగ్గిపోయినాయి. పెండ్లయి కొత్తగా వచ్చినప్పుడు మా వీధి ఆడవాళ్ళంతా చూసేదానికి వస్తే అట్లుండేది ఆ ముఖం. నాకు ఆ నవ్వు అర్థం కాలేదు. అయ్యో, ఈ పిల్ల ఇంకా అమ్మేననుకుంటా ఉండాదే, చెప్పాలే అనుకున్నా. చెప్పే ధైర్యం లేక పాలారు దాటేదాకా కిటికీలోంచి ఏటి ఇసకను చూస్తా కూర్చున్నా.

ఆసుపత్రి గురించి నేను చెప్పే పని లేదు. ఒక వరసలో తెలుగు, ఇంకొక వరసలో బెంగాలీ, దాని వెనక ఏ దేశం భాషో. అందరి చేతుల్లోనూ ఫైళ్ళు. ఎక్స్‌రే తీసి, అది తీసుకోని డాక్టరు జెబరాజ్ గదిలోకి పోయేసరికి పన్నెండయింది.

ఆయన మోహనను చూడక ముందే ముక్కు ఎగబీల్చినాడు.

"ఎన్నమ్మా, వేపాకు వాసన!"

ఆయన ఎక్స్‌రేను దీపం ముందు పెట్టి చూసినాడు. మోహన వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. కింది తట్టు రెండు మూడుసార్లు పెట్టి విన్నాడు.

"ఊపిరితిత్తి చుట్టూ నీళ్ళు మళ్ళీ చేరతా ఉండాయి. మాత్ర ఎన్ని దినాలు ఆపినారు?"

"తొమ్మిది," అన్నాడు గోపి.

"ఎవరు ఆపింది?"

నేను నోరు తెరిచినా.

"నేనే సార్," అనింది మోహన.

గోపి నన్ను చూసినాడు. నేను మోహనను చూసినా. ఆమె గోడకుండే క్యాలెండరును చూస్తా ఉండాది.

ఆయన తిట్టుంటే బాగుండేది. తిట్టలేదు. కుర్చీ నా పక్కకు జరుపుకోని, అవ్వా అన్నట్టు నన్ను పాటీ అని పిలిచి, అరవంలో, నాకు అర్థమయ్యేట్టు మెల్లగా చెప్పినాడు.

"పాటీ, మన ఒంట్లో కంటికి కనపడని కణాలు కోట్లు కోట్లు ఉంటాయి. ఒక్కొక్క కణం పైన, బయటి మాట వినేదానికి చెవుల మాదిరి ఉంటాయి. రిసెప్టర్ అంటాము. పెరుగు, రెండుగా అవ్వు అని ఒంట్లో నుంచి కబురు వస్తే ఆ చెవి పట్టుకుంటాది. లోపలుండే ఇంకొకదానికి చెప్తాది. అది ఇంకొకదానికి. అట్లా పోయి పోయి కణం నడిబొడ్డుకు చేరితే కణం రెండవుతాది. గాయం మానేది, చర్మం కొత్తగా వచ్చేది అంతా ఆ కబురుతోనే."

"మా వీధిలో నూలు పిలుపు మాదిరి," అన్నా నేను.

"అదేంది?"

"నూలు తెచ్చే అణ్ణామలై వీధి మొగదలే సైకిలు ఆపుతాడు సార్. లోపలికి రాడు, కుక్కలంటే భయం. మొదటింటి కాడ మాత్రం నూలు వచ్చిందీ అంటాడు. మొదటింటి వాళ్ళు గోడ మీద నుంచి రెండో ఇంటికి, వాళ్ళు మూడో ఇంటికి. కడ ఇంటికి పోయేలోపల అందరమూ మగ్గాలు దిగి సంచులు పట్టుకోని వస్తాము."

ఆయన నవ్వినాడు. "అదే పాటీ. అంతే. ఇప్పుడు మోహన ఎదలో ఏమయిందంటే, ఆ చెవికి, అంటే ఆ మొదటింటి మనిషికి, పిచ్చి పట్టింది. వీధి మొగదల ఎవరూ లేరు. నూలు రాలేదు. అయినా రేయీ పగలూ వచ్చింది వచ్చింది అని అరుస్తానే ఉండాడు. రెండో ఇంటివాళ్ళకు తెలీదు గదా, నిజమనుకోని మూడో ఇంటికి చెప్తారు. కడింటి దాకా పోతాది. కణం రెండవుతాది, రెండు నాలుగవుతాయి. నిలిపేవాళ్ళు లేరు. అదే గడ్డ."

"పిచ్చి ఏంటికి పట్టింది సార్? బీడీ లేదు, పొగాకు లేదు. మా వీధిలో నా ముందరే అంటారు, ఏమి తాగిందో ఏమోనని."

"పడుగులో ఒక పోగు తప్పితే?"

"ఆ గీత బట్ట కొస దాకా పోతాది."

"అట్లా ఒక పోగు తప్పింది. ఆమె చేసిందేమీ లేదు. పొగ తాగని ఆడవాళ్ళలో ఈ తప్పు మేము చానా చూస్తా ఉంటాము."

మోహన క్యాలెండరు మీద నుంచి చూపు తిప్పి ఆయన్ను చూసింది. ఆ మాట ఇంతకు ముందు ఎవరూ ఆమెకు చెప్పినట్టు లేదు. చెప్పినా, మా ఎదట చెప్పలేదు.

"ఈ మాత్ర ఏమి చేస్తాదంటే, ఆ పిచ్చోడి నోట్లో గుడ్డ కుక్కుతాది," అన్నాడు ఆయన. "గుడ్డ ఉండేదాకా వాడు అరవడు. కబురు పోదు. గడ్డ వాడతాది. గుడ్డ తీస్తే మళ్ళీ మొదలు. ఇంకొక సంగతి. చర్మంలో కూడా అదే చెవులు ఉంటాయి. అవి మంచివి. మాత్ర వాటిని కూడా కొంచెం మూస్తాది. చర్మానికి అందాల్సిన కబురు అందక పొక్కులు లేస్తాయి. మాత్ర ఒంటికి పట్టినదానికి గుర్తు అది. ఆపితే పొక్కులు వాడతాయి, నిజమే. వాడేది పొక్కులు. లోపల వాడు అరుస్తా ఉంటాడు."

నేను వేపనీళ్ళతో ముఖం తుడిచి, పొక్కులు వాడినాయని వీధంతా చెప్పుకున్న దినాలు ఒక్కొక్కటిగా గుర్తొచ్చినాయి. నాలుగో దినం ఎదురింటామె కాడ గొప్పగా చెప్పుకున్నా. ఆరో దినం కొబ్బరికాయ కొట్టినా.

"తొమ్మిది దినాలు అరిచినాడే సార్. ఇప్పుడు గుడ్డ కుక్కితే నోరు మూస్తాడా?"

ఆయన ఎక్స్‌రేను మళ్ళీ ఒకసారి చూసినాడు. అదే నన్ను భయపెట్టింది.

"చానా మందిలో మూస్తాడు. రెండు వారాలు చూద్దాము. మూయకుంటే, ఆ చెవి ఇంకొక రూపానికి మారిందేమో రక్తం తీసి చూడాల, వేరే మాత్ర వెతకాల. పొక్కులు మళ్ళీ వస్తాయి పాటీ, ముందే చెప్తా ఉండా. మరీ జాస్తి అయితే నాకు ఫోన్ చేయండి, ఆపాలంటే నేనే ఆపమంటా. ఇంక ఒక్క దినం కూడా పోగొట్టుకోకూడదు. పొద్దున్నుంచి ఏమన్నా తినిందా?"

"లేదు."

"మంచిది. ఇది ఒట్టి కడుపున వేసుకునేది. కిందికి దిగంగానే, ఈ అట్టలోది ఒకటి ఇక్కడే వేసుకోండి. గంట పోయినాక తినండి."

బయట నర్సమ్మ, సుగంతి సిస్టర్, ఒక చిన్న గొట్టంలో పూతమందు చూపించింది. దినానికి రెండుసార్లు ముఖానికి, మెడకు పూయాలంట. రుద్దకూడదు, వేలి కొసతో మెల్లగా అద్దాల. ఇంట్లో ఎవరన్నా పూయండి, ఆమె తానే పూసుకుంటే గీరుకుంటాది అని చెప్పి, మోహనను ఒక చూపు చూసింది. ఏమో అడగబోయి, అడగకుండా పోయింది.

గోపి పూతమందు తెచ్చేదానికి మందుల వరసలో నిలబడినాడు. మేమిద్దరమూ బెంచీ మీద కూర్చున్నాము.

"ఏంటికే అట్లా చెప్పినావు?" అన్నా. "నేను చేసిన తప్పు నీ నెత్తిన ఏంటికి వేసుకున్నావు? నీ మొగుడు నన్ను ఇంకో నాలుగు మాటలు అనుండేవాడు, అంతే గదా."

"నీ తప్పు కాదత్తా."

"మాత్ర ఆపింది నేను."

"ఆపినప్పుడు నేను నోరు తెరవలేదు."

"నీకేమి తెలుసు పాపం, అమ్మేననుకున్నావు."

ఆమె కొంగుతో నోరు మూసుకోని దగ్గి, ఊపిరి కుదురుకునేదాకా ఆగింది.

"నాకు తెలుసత్తా. అమ్మ కాదని మొదటి దినమే తెలుసు. మాత్ర ఇచ్చినప్పుడే సుగంతి సిస్టర్ చెప్పింది. పొక్కులు లేస్తాయి మోహనా, భయపడొద్దు, లేస్తే ఫోన్ చెయ్యి అనింది. మీరిద్దరూ అప్పుడు బయట ఉండారు."

"తెలిసీ గమ్మున ఉంటివా? చావాలనుకుంటివా ఏందే?"

"లేదత్తా." తల అడ్డంగా ఊపింది. "చావాలని లేదు. నాకు చానా ఆశ."

"మరి?"

చెప్పేటప్పుడు నన్ను చూడలేదు. తన అరచేతులు చూసుకుంటా చెప్పింది.

"జబ్బు పేరు తెలిసిన దినం సాయంత్రమే నా లోటా వేరే పెట్టినావు. కంచం తీసేసి ఆకులో వడ్డించినావు. నా చాప మగ్గం గది నుంచి వాకిలి పక్క గదికి మార్చినావు. షాలినిని మేడ మీద చదువుకోమన్నావు. ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు అత్తా. వేళకు అన్నం, వేళకు మాత్ర, అన్నీ గడప మీద పెట్టి, పేరు పెట్టి పిలిచి పోతా ఉంటివి."

"అది..." అన్నా.

"పొక్కులు లేచిన దినం నువ్వు పరిగెత్తుకోని వచ్చినావు. లోపలికి వచ్చినావు. నా కాళ్ళు నీ ఒడిలో పెట్టుకోని కడిగినావు. ముఖానికి పసుపు పూసినావు. నా పక్కనే పడుకోని వేపకొమ్మతో విసరతా, తల్లీ, తల్లీ అన్నావు. మా ఊరు నాట్రంపల్లిలో మా అమ్మ పోయినప్పుడు నాకు పదహారేండ్లు. ఆమీట నన్ను తల్లీ అని పిలిచింది ఎవరూ లేరు. ఒక్క దినం ఉండనీ, రేపు చెప్దామనుకున్నా. రేపు కూడా నువ్వు వచ్చి పక్కన కూర్చున్నావు. ఎల్లుండి కూడా."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నా. తొమ్మిది దినాలు ఆ చేతిని కండ్లకద్దుకున్నా. మూడు నెలలు ఆ చేతిని ముట్టలేదు. రెండూ నేనే.

చెప్పకుండా ఉండలేను. నా మొగుడు వరదప్ప ఎద జబ్బుతోనే పోయినాడు. ఆయనది క్షయ. మగ్గం గుంటలో కూర్చుని దగ్గి దగ్గి, ఒక దినం పేక నిండా నెత్తురు పడింది. ఆరు నెలలు వాకిలి పక్క గదిలోనే, వేరే లోటా, వేరే చాప. అప్పుడు గోపికి పదేండ్లు. నాయనా నాయనా అని లోపలికి దూరేవాడు. నేను వాడి చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చి కొట్టేదాన్ని. గది బయటే నిలబడి మాట్లాడు, తాకినావంటే నువ్వూ పోతావు అని కొట్టేదాన్ని. వాళ్ళ నాయన చెయ్యి చాచేవాడు. వీడు నన్ను చూసేవాడు. నేను తల ఊపేదాన్ని కాదు. ఆయన పోయిన దినం కూడా వీడు గది బయటే నిలబడి ఏడ్చినాడు. ఎద జబ్బు అంటే నాకు అదొకటే తెలుసు. ఈ జబ్బు అంటేది కాదని డాక్టరు మొదటి దినమే చెప్పినాడు. చెవులు విన్నాయి. ఇంటికి పోయి నా చేతులు మాత్రం లోటా వేరే పెట్టినాయి.

"ఈయన కూడా," అనింది మోహన.

తల ఎత్తి చూస్తే గోపి. మందు చేతిలో పట్టుకోని నాలుగడుగుల దూరంలో నిలబడి ఉండాడు. ఎప్పటి నుంచి నిలబడినాడో.

"ఈయన మూడు నెలల్లో నా ముఖం నిండుగా చూసింది ఆ ఒక్క దినమే అత్తా. చూసి దండం పెట్టినాడు. దండం పెట్టేదానికన్నా చూసినాడు గదా అనుకున్నా."

"మోహనా," అన్నాడు వాడు.

"బస్సులో తావుండె గదా. నిలబడి వస్తివి."

"నీకు ఇరుకవుతాదని..."

"ఇరుకు!"

పక్క బెంచీలో బెంగాలీ ఆమె మాటలు అర్థం కాకపోయినా మమ్మల్నే చూస్తా ఉండాది. నేను కొంగు సర్దుకున్నా.

గోపి అట్టలోంచి ఒక మాత్ర ఒత్తి తీసి, నీళ్ళ సీసా మూత తిప్పి, రెండూ ఆమె పక్కన బెంచీ మీద పెట్టబోయినాడు. పెట్టబోయి ఆగి, చెయ్యి చాచినాడు. ఆమె మాత్ర తీసుకునింది. నోట్లో వేసుకోలేదు. పిడికిట్లో పెట్టుకునింది.

"వేసుకో," అన్నాడు.

"ఇది మొదలుపెడితే పొక్కులు మళ్ళీ వస్తాయంట."

"వస్తే రానీ. డాక్టరు చెప్పినాడు గదా, పూతమందు ఉండాది."

"ఈ తూరి అవి అమ్మ కాదు. అందరికీ తెలిసిపోయింది. ఉత్త జబ్బుమనిషి ముఖం మీద పొక్కులు. దండం పెట్టేవాళ్ళు కూడా ఉండరు. అప్పుడు నా కాడికి ఎవరు వస్తారు?"

నేను వస్తా తల్లీ అని నా నోటి దాకా వచ్చింది. కాని ఆమె అడిగింది నన్ను కాదు. ఆమె చూపు వాడి మీదే ఉండాది.

"మాట చెప్పొద్దు," అనింది మోహన. "మందు పూయి. ఇప్పుడే, ఇక్కడే. నువ్వు పూస్తే నేను మింగుతా."

"ఇంత జనంలోనా? ఇంటికి పోయినాక..."

"ఇంట్లో మూడు నెలలు చూసినా."

ముఖం వాడి తట్టు ఎత్తి కండ్లు మూసుకునింది.

వాడు గొట్టం మూత తీసినాడు. తెల్లటి మందు కొంచెం చూపుడు వేలికి వచ్చింది. ఒక అడుగు వేసి, బెంచీ ముందు వంగినాడు. చెయ్యి పైకి లేచింది. ఆమె చెంపకు ఒక వేలి వెడల్పు దూరంలో ఆగిపోయింది.

ఆగి, వాడు నా తట్టు చూసినాడు.

పదేండ్ల బిడ్డ చూసినట్టు చూసినాడు. నలభై దాటిన మగవాడు, తల పక్కల నెరిసినవాడు, నేను ఏమంటానో అని ఆ చెయ్యిని గాల్లో అట్లే పెట్టుకోని నన్ను చూసినాడు.

ఆపొద్దు వాళ్ళ నాయన కాడ ఊపని తల, ఈపొద్దు ఊపినా.

ఊపినాను, నాకు బాగా గుర్తుండాది. కాని వాడి కండ్ల నిండా నీళ్ళు. చూసినాడో లేదో తెలీదు. మోహన కండ్లు మూసుకోనే ఉండాది. ఆమె ఊపిరి పైకీ కిందికీ ఈల వేస్తా ఉండాది. మాత్ర పిడికిట్లోనే ఉండాది.